మొదటి బంతి ఎవరిది

కిందటి వారం మనం జిగురుని డ్రెస్సింగ్ రూమ్ వెనకున్న వాష్‌బేసిన్ దగ్గర, చొక్కా విప్పి అద్దంలోకి చూస్తుండగా వదిలేశాం. ఇంకా అక్కడే ఉన్నాడు, పాపం. నిన్న ఎడమ పక్కటెముకల మీద తగిలిన దెబ్బ తెల్లారేసరికి వంకాయ రంగుకి తిరిగింది. బంతి కుట్టు అచ్చు కూడా దాని మధ్యలో స్పష్టంగా పడింది. ఊపిరి సగం దాకా పీలిస్తే ఫరవాలేదు, ఆపైన పీలిస్తే చుక్కలు కనబడుతున్నాయి.

ముప్ఫై మూడేళ్ళ మనిషి. పన్నెండేళ్ళుగా ఓపెనర్. వికెట్ల ముందు అతుక్కుంటే ఊడడు గనక జిగురు అన్నారు. అసలు పేరు స్కోరు రాసేవాడికి కూడా గుర్తులేదు. అతనితో జతగా దిగేది సొంత తమ్ముడు. ఇరవయ్యారేళ్ళవాడు, చూడముచ్చటైన ఆట. పేపర్లవాళ్ళు వాడికి పులిపిల్ల అని పేరు పెట్టారు. పెద్దజట్టు సెలెక్టర్ మూడు రోజులుగా మేడమీద గాజు గదిలో కూర్చుని చూస్తున్నాడు. మీ ఇద్దరిలో ఒక్కరికే చోటుంది అని మొదటిరోజే చెప్పేశాడు. తమ్ముడికైతే ఇవాళ కాకపోతే వచ్చే ఏడాది. అన్నకి ఇవాళ తప్పితే ఇంక జన్మలో లేదు.

అవతలివాళ్ళ ఆఖరి వికెట్ ఇప్పుడే పడింది. గెలవడానికి రెండువందల పన్నెండు కావాలి. ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ అయ్యాక కొత్త బంతి పుచ్చుకుని గునపం వస్తాడు. ఆరడుగుల నాలుగంగుళాలు, వికెట్లని గునపంతో పెకలించినట్టు పెకలిస్తాడని ఆ పేరు. వికెట్లు దొరకకపోతే మనుషుల్ని పెకలిస్తాడు.

ఇక్కడ ఆ అన్నదమ్ముల రహస్యం ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే ఈ వారం కథ అంగుళం కదలదు. బౌలర్ బంతి కుట్టుని వేళ్ళ మధ్య నిలువుగా పట్టుకున్నాడంటే బంతి తనకి దూరంగా, బ్యాట్స్‌మన్ కాళ్ళ దగ్గరికి వచ్చి పడుతుంది. ముందడుగు వేసి ఆడాలి. అడ్డంగా పట్టుకున్నాడంటే పిచ్ మధ్యలో గుద్దుతాడు, బంతి మొహంమీదికి లేస్తుంది. వెనకడుగున ఉండాలి, లేకపోతే వంగాలి. గునపం పరుగెత్తుకొచ్చేటప్పుడు బంతిని ఎడమ చేత్తో కప్పేస్తాడు, అంపైర్ దగ్గరికి వచ్చాక గానీ ఆ చెయ్యి తియ్యడు. ఆ రెప్పపాటులో కుట్టు కనబడేది ఒక్కడికే, అవతలి కొసన, బౌలర్ పక్కన నిలబడ్డ జోడీకి. జోడీ బ్యాటు కుడిచేతిలో ఉంచితే నిలువు, ఎడమచేతికి మార్చితే అడ్డం. లేత్ మిషన్ల షాపు వెనక సందులో, నూనె మరకల సిమెంటు మీద, బకెట్ నీళ్ళలో నానబెట్టిన కార్కు బంతితో ఆడుకునే రోజుల్లో అన్న కనిపెట్టిన సైగ అది. కోచ్‌కి తెలియదు, కట్టుకున్న పెళ్ళాలకి తెలియదు.

పొద్దున్నుంచీ ఫీల్డింగ్‌లోనూ, ఇప్పుడు అద్దం ముందూ జిగురు ఆ సైగ గురించే ఆలోచిస్తున్నాడు. గునపంతో మూడు మ్యాచ్‌లు. చొక్కా తొడుక్కుని లోపలికి వచ్చాడు.

గదిలో తమ్ముడొక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళంతా బాల్కనీలోకి పోయి గునపం చెయ్యి తిప్పుకోవడం చూస్తున్నారు. బెంచీ మీద తడి తువ్వాళ్ళు, నేల మీద టేపు ముక్కలు, మూత తీసిన నొప్పుల మందు సీసా, పైన కిర్రుమంటూ తిరిగే ఫ్యాను. తమ్ముడు ప్యాడ్లు కట్టుకుని, కడుపులో చల్ల కదలకుండా కూర్చుని గ్లోవ్స్ వేళ్ళు సరిచేసుకుంటున్నాడు.

"ఒరేయ్, నిన్న నీ బ్యాటు ఏ చేతిలో ఉంది?"

"ఎప్పుడు?"

"నా పక్కటెముకలు మోగినప్పుడు."

తమ్ముడు నవ్వాడు. "గుర్తులేదన్నా. రోజుకి అన్నేసి బంతులు, ఎన్నని గుర్తుపెట్టుకుంటాం?"

"నాకు గుర్తుంది. కుడిచేతిలో ఉంది. నిలువు అన్నావు, ముందుకెళ్ళాను. అది మధ్యలో పడి నా మీదికి లేచింది."

"చివర్లో వేళ్ళు తిప్పుంటాడు. పెద్ద మాయగాడు వాడు."

"సరే. ఆర్నెల్ల కిందట నా వేలు విరిగినప్పుడు?"

తమ్ముడు గ్లోవ్ వేలు ఇంకోసారి లాగాడు.

"అంతకుముందు హెల్మెట్ పగిలినప్పుడు?"

"ఏంటన్నా ఇది, పోలీసు స్టేషనా? పది నిమిషాల్లో బ్యాటింగ్ పెట్టుకుని..."

"పొద్దున్నుంచీ గుర్తుచేసుకుంటున్నా. వాడితో మూడు మ్యాచ్‌లు ఆడాం. మూడింట్లోనూ నీ బ్యాటు ఎడమచేతికి ఒక్కసారైనా మారలేదు. ఒక్కసారంటే ఒక్కసారి! అంటే వాడు మనకి బౌన్సర్లే వెయ్యలేదన్నమాట. మరి నాకు ఈ దెబ్బలన్నీ ఎక్కడివిరా, మెట్ల మీంచి జారిపడ్డానా?"

తమ్ముడి చేతిలో గ్లోవ్ ఆగిపోయింది. గొంతు పెంచకుండా మాట్లాడే అన్నంటే వాడికి చిన్నప్పట్నుంచీ హడల్. అరిచే అన్నని ఏడిచి గెలవచ్చు, ఈ అన్నని గెలవలేం.

"ఇద్దరిలో ఒక్కడికే చోటు. అది సెలెక్టర్ అనకముందే నువ్వు ఊహించుంటావు, అందుకే నా మీద..."

"అన్నా!" తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అంటే కావాలని నిన్ను కొట్టించాననా? అమ్మతోడు..."

"అమ్మని లాగకు. అమ్మ నన్ను కూడా కన్నది."

బాల్కనీలో ఎవరో ఈల వేశారు. గునపం ఉత్తినే ఒక బంతి వేసి కీపర్‌ని వెనక్కి పంపాడు కాబోలు, "అబ్బో" అన్న కేకలు వినబడ్డాయి. ఆ కేకకి తమ్ముడి మెడ భుజాల్లోకి దిగిపోయింది. ఎండలో పడుకున్న పిల్లి కూడా అంతలా ఉలిక్కిపడదు. అన్న అది చూశాడు. చూసి, అడగబోతున్న మాట మింగేశాడు.

"నేను చూడలేదన్నా," అన్నాడు తమ్ముడు, గోడవైపు తిరిగి.

"ఏం చూడలేదు?"

"వాడి చెయ్యి. ఎప్పుడూ చూడలేదు. వాడు పరుగెత్తుకొస్తుంటే వెనకనుంచి ఆ బూట్ల చప్పుడు వినబడుతుంది. నా మీదికి కాదని తెలుసు. బంతి నాక్కాదని తెలుసు. అయినా కళ్ళు మూతలు పడిపోతాయి. నేను మూసుకోవట్లేదన్నా, అవే మూసుకుపోతాయి. మళ్ళీ తెరిచేసరికి నువ్వు కింద పడుంటావు."

"మిగతావాళ్ళు వేసేటప్పుడు?"

"మిగతావాళ్ళకి ఏం లేదు. వీడికొక్కడికే. బ్యాటు ఊరికే కుడిచేతిలో ఉంటుంది. మార్చాలంటే చూడాలిగా."

జిగురు బెంచీ మీద కూర్చుండిపోయాడు. దొంగనుకున్నవాడు పిరికివాడని తేలితే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మూడు మ్యాచ్‌లుగా, తనకి వయసైపోయిందని, కాళ్ళు మొద్దుబారాయని, బంతి ఎక్కడ పడుతుందో పట్టే చురుకు పోయిందని లోలోపల కుమిలిపోయాడు. భార్య దగ్గర కూడా అనలేదు. తీరా చూస్తే తన కాళ్ళకి ఏ రోగమూ లేదు. ఆ కాళ్ళని తప్పుదారి పట్టించిన సైగకి వచ్చింది రోగం.

"చెప్పి చావచ్చుగా!" అన్నాడు. ఈసారి గొంతు పెరిగింది, పక్కటెముకలు కలుక్కుమన్నాయి. "నాకు సైగ చేతకాదన్నా అంటే అయిపోయేదిగా. సైగ లేదనుకుని నా కళ్ళతో నేను ఆడుకునేవాణ్ణి. భయపడ్డావు, సరే, మనిషన్నాక భయపడతాడు. అబద్ధపు సైగ ఇచ్చి నన్ను ముందుకి తోస్తావా?"

"ఎలా చెప్పను? పులిపిల్ల అని పేపర్లో ఇంతింత అక్షరాలతో రాశారు. నీ పెద్దకూతురు ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించింది. నాకు గునపం అంటే ఒంటికి వస్తుందని ఏ మొహంతో చెప్పను?"

"నాకు చెప్పాలిరా. పేపర్‌కి కాదు."

"నీకా?" తమ్ముడు ఇటు తిరిగాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, మాటలో మాత్రం ముల్లుంది. "నన్నిలా చేసింది ఎవరు? నువ్వు కాదూ? ఏడేళ్ళు కలిసి దిగాం. ఏడేళ్ళలో మొదటి బంతి ఒక్కటి నాకిచ్చావా? నువ్వుండరా, నేనున్నాగా అంటావు. పరుగు తీద్దామంటే వద్దని చెయ్యెత్తుతావు. బంతి పాతబడి, బౌలర్లు నాలుక బయటపెట్టాక, ఇప్పుడు ఆడుకో అంటావు. వాళ్ళ ముందు నిలబడితే కదా భయం పోయేది! ఎప్పుడు నిలబడనిచ్చావు నన్ను?"

కొన్ని మాటలు అబద్ధమైనా బాగుండునని ఉంటుంది. ఇది అలాంటిది. తమ్ముణ్ణి కాపాడడానికే ముందు నిలబడ్డానని జిగురు లోకానికి చెబుతాడు, తనకి తానూ చెప్పుకుంటాడు. నిజమే, కాపాడాడు. కానీ దెబ్బలు తిని ఇంటికొచ్చి, నలుగురూ చుట్టూ చేరి "నువ్వు గనక తట్టుకున్నావయ్యా" అంటే ఒళ్ళు పులకరించిన మాట కూడా నిజమే. తమ్ముడు ధైర్యవంతుడైపోతే తనకిక మిగిలేదేముంది? పరుగులు వాడివి, పేపర్లు వాడివి. తనకున్న ఆస్తల్లా ఒంటిమీది మచ్చలే.

బెంచీ మీంచి తమ్ముడి వైపు తలెత్తి అన్నాడు. "సరే, తప్పు నాది కూడా ఉందనుకో. కానీ విను. పెద్దజట్టులోకి వెళితే అక్కడ ఇలాంటి గునపాలు నలుగురుంటారు. నీ ముందు నేనుండను. కళ్ళు మూసుకుని వాళ్ళ ముందు నిలబడితే చస్తావురా. ఆట పోవడం కాదు, ప్రాణం పోతుంది. ఆ సెలెక్టర్ దగ్గరికి వెళ్ళి ఈ ఏడాదికి వద్దని చెప్పు."

"చోటు నీకొస్తుందనా?"

పుండు మీద కారం చల్లడమంటే ఏంటో జిగురుకి అప్పుడు తెలిసింది. లేచి చెంప పగలగొడదామనుకున్నాడు. తమ్ముడి వేళ్ళు ఊడొచ్చిన ప్యాడ్ పట్టీతో కుస్తీ పడుతున్నాయి. వణుకుతున్నాయి, పట్టీ దూరడం లేదు. ఏడేళ్ళ వయసులో కూడా వాడి వేళ్ళు అలాగే వణికేవి.

అంతే, మనిషి కరిగిపోయాడు. నేల మీద ఒక మోకాలు ఆనించి, పక్కటెముకలు అరుస్తుంటే పళ్ళు బిగబట్టి, ఆ పట్టీ తనే లాగి కట్టాడు.

"సరేలే. ఇవాళ్టికి మొదటి బంతి నేనే ఆడతా. సైగ వద్దు. బ్యాటు రెండు చేతుల్తో పట్టుకుని ఊరికే నిలబడు, చాలు. గెలిచాక ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

తమ్ముడు తలూపాడు. ఏదో చెప్పబోయాడు కూడా. పెదవులు కదిలాయి. సరిగ్గా అప్పుడే నూనె మాస్టారు వచ్చాడు.

నూనె మాస్టారంటే జట్టు ఫిజియో. ముప్ఫయ్యేళ్ళుగా ఆటగాళ్ళ కాళ్ళకి నూనె రాస్తున్న మంచి మనిషి. నోట్లో మాట దాగదు, అంతే. "రా జిగురూ, ఇంకో చుట్టు టేపు వేస్తా. చేతులెత్తు," అంటూ చొక్కా పైకి లాగి చుట్టడం మొదలెట్టాడు. "మ్యాచ్ అయ్యాక నా గదికి ఓసారి రావాలి. ఎడమ కన్ను చూడమన్నారు."

"కన్నా? దెబ్బ ఇక్కడ తగిలితే కన్నెందుకు మాస్టారూ?"

"నన్నడుగుతావేం, సెలెక్టర్‌గారు చీటీ రాసిచ్చారు. నిన్న సాయంత్రం మీవాడే చెప్పాడట, పాపం నీ మీద బెంగతో. ఆర్నెల్లుగా నీకు ఎడమకంటి చూపు మందగించిందని, బంతి ఎక్కడ పడుతుందో తెలియట్లేదని, మోటారు సైకిల్ నడపడం కూడా మానేశావని. దాచుకుంటే ఎలాగయ్యా? తమ్ముడు గనక చెప్పాడు గానీ ఇంకొకడైతే చెబుతాడా?"

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి వల్ల కానిది నూనె మాస్టారు వల్ల అయింది, అదీ పళ్ళతో టేపు కొరుకుతూ.

మోటారు సైకిల్ మానేసిన మాట నిజమే. ఆర్నెల్ల కిందట, తమ్ముడి బ్యాటు కుడిచేతిలో ఉండగా, గునపం బంతి విరగ్గొట్టిన ఎడమచేతి వేలు క్లచ్ మీద వంగడం లేదు. ఆ రోజునుంచీ తమ్ముడే బండి నడుపుతున్నాడు, అన్న వెనక కూర్చుంటున్నాడు. వాడికి ఆ వేలు సంగతి తెలుసు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది కూడా వాడే.

మాస్టారు టేపు చుట్ట జేబులో వేసుకుని, "అయ్యబాబో, అంపైర్లు దిగుతున్నారు, కదలండి కదలండి" అంటూ వెళ్ళిపోయాడు.

"అన్నా..." తమ్ముడి గొంతు పీలగా వచ్చింది. "నిన్న పిలిచి గుచ్చి గుచ్చి అడిగారన్నా. మధ్యలోనే పడి లేచిన బంతికి మీ అన్న ముందుకెందుకెళ్ళాడు అని. ఏం చెప్పను? నేను కళ్ళు మూసుకున్నానని చెప్పనా? నోటికేదొస్తే అది..."

"అందుకని నా కన్ను తీసేశావు."

"మ్యాచ్ అయ్యాక చెప్పేస్తా. నిజంగా. నేనే వెళ్ళి చెప్పేస్తా."

జిగురు హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించాడు. బ్యాటు తీసుకున్నాడు. కోపంగా ఉందా అంటే ఉంది, కానీ దానికంటే పెద్దదేదో ఉంది. పన్నెండేళ్ళలో తన ఒంటికి తగిలిన ఏ బంతీ ఇంత లోపలికి దిగలేదు. అవన్నీ ఎదుటినుంచి వచ్చాయి.

"పద," అన్నాడు.

మెట్ల సిమెంటు మీద బూట్ల ముళ్ళు టకటకమన్నాయి. గ్యాలరీ చప్పట్లు కొట్టింది. ఎవరో "పులిపిల్లా" అని అరిచారు. ఎండ నిటారుగా ఉంది. దారి పొడుగునా తమ్ముడు అన్న మొహంలోకి చూస్తూనే నడిచాడు. అన్న చూడలేదు. పిచ్ దగ్గరికి వచ్చాక, ఏడేళ్ళ అలవాటుగా, తమ్ముడు అంపైర్ పక్కకి, నాన్‌స్ట్రైకర్ చోటుకి తిరిగాడు. అక్కడ అప్పటికే అన్న నిలబడి ఉన్నాడు.

"అన్నా, నువ్వు అటు కదా."

"చూపు సరిగ్గా ఉన్నవాడే మొదటి బంతి ఆడాలి. నువ్వు చెప్పిందేగా."

"అన్నా, వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా. మూడో ఓవర్ నుంచి ఆడతా. రెండో ఓవర్ నుంచి..."

"నిలబడనివ్వలేదన్నావు. నిలబడు."

అంపైర్ చేతి గడియారం చూసుకున్నాడు. "మొదటి బంతి ఎవరిదండీ?"

జిగురు బ్యాటుతో చూపించాడు. "మావాడిది."

పైన గాజు గదిలో సెలెక్టర్ కాఫీ కప్పు కింద పెట్టి ముందుకి వంగాడు. ఇంతమంది చూస్తుండగా పులిపిల్ల వెనక్కి తిరగడానికి లేదు, అన్న పక్కన నిలబడడానికీ లేదు. తమ్ముడు ఇరవై రెండు గజాలూ నడిచి వెళ్ళాడు. వికెట్ల ముందు నిలబడి, బ్యాటు ఎక్కడ ఆనించాలో చూపమని అంపైర్‌ని గార్డ్ అడిగాడు. మాట బయటికి రాలేదు. అంపైర్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటే, మళ్ళీ అడిగాడు.

గునపం బంతిని ప్యాంటుకి రుద్దుకుంటూ జిగురు పక్కనుంచి వెళుతూ ఆగాడు. "ఏంటి పెద్దాయనా, ఇవాళ సీటు మారింది? పక్కటెముక ఇంకా నొస్తోందా?"

"నీ పని నువ్వు చూసుకో."

"నా పనేగా." గునపం నవ్వి, అవతలి కొసన ఉన్న తమ్ముణ్ణి తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూశాడు. మనుషుల్ని చదవడం వాడి వృత్తి. చదివాడు. బ్యాట్స్‌మన్ పక్కనే కాచుకునే షార్ట్ లెగ్ ఫీల్డర్‌ని ఇంకో అడుగు దగ్గరికి రమ్మని సైగ చేసి, పరుగు మొదలెట్టే చోటుకి వెళ్ళిపోయాడు.

జిగురు మనసులో ఒకటే లెక్క. ఒక్క బంతి. వాడు ఒక్క బంతి రుచి చూస్తే చాలు. వంగుతాడు, పడతాడు, పరువు పోతుంది, సెలెక్టర్‌కి సంగతి అర్థమవుతుంది. అప్పుడు ఎవరి కన్ను మంచిదో లోకమే చెబుతుంది. ఒక్క బంతికి ఎవరూ చచ్చిపోరు. తను చచ్చాడా?

బూట్ల చప్పుడు మొదలైంది. వెనకనుంచి వింటే అది ఎలా ఉంటుందో జిగురుకి ఇన్నాళ్ళూ తెలియదు. నేల అరికాళ్ళ కింద అదురుతోంది. అంపైర్ దగ్గరికి వచ్చేసరికి గునపం ఎడమ చెయ్యి పక్కకి తొలిగింది. కుట్టు అడ్డంగా ఉంది.

ఎంత కోపమున్నా చెయ్యి తన పని తను చేసింది. బ్యాటు ఎడమచేతికి మారింది. నిజమైన సైగ, తండ్రి బిడ్డకి ఇచ్చేంత నిజమైన సైగ. ఇచ్చి తమ్ముడి వైపు చూశాడు. ఆ సైగ చూసేవాళ్ళు అవతల ఎవరూ లేరు. వాడి గడ్డం ఛాతీకి ఆనుకుపోయింది, భుజాలు చెవుల్లోకి ముడుచుకుపోయాయి. హెల్మెట్ తలమీద ఉంది గానీ తల కిందికి వాలిపోయి మెడ వెనక బట్టబయలైంది. ఎముక తప్ప ఇంకేం లేని చోటు. ఒక్కడు కళ్ళు మూసుకుని నిలబడితే ఎలా ఉంటాడో సరిగ్గా అలా ఉన్నాడు.

ఒక్క అరుపు చాలు. "ఆగు" అంటే అంపైర్ చెయ్యెత్తుతాడు, "ఒరేయ్" అంటే వాడు తలెత్తుతాడు. జిగురు నోరు తెరిచాడు. గొంతు రాలేదో, తనే రానివ్వలేదో, ఆ క్షణాన అతనికే తెలియలేదు.

బంతి గునపం చెయ్యి దాటింది.